ట్యాంగ్ చేప ఇంట్లో బతకాలంటే: ట్యాంకు మొదలుకొని మేత దాకా, ఏ పని తర్వాత ఏ పని

"అన్నా, ట్యాంగ్ తెచ్చాను, మూడు రోజులు బాగానే తిరిగింది, నాలుగో రోజు ఒళ్ళంతా తెల్ల చుక్కలు, ఐదో రోజు పొద్దున్న లేచేసరికి అడుగున పడుంది." శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పలాస, ఎటు నుంచి ఫోన్ వచ్చినా ఇదే మాట. ప్రతిసారీ ఫోన్లో సగం సగం చెప్పేకంటే ఒకసారి కూచుని మొత్తం రాసీడం మంచిదనిపించింది.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ట్యాంగ్ అంటే ఉప్పునీటి ట్యాంకులో పెంచే సముద్రపు చేప, మేసే చేప. ఆవుని పొద్దున్నే మేతకి తోలితే సాయంత్రం దాకా ఎలాగ మేస్తూ తిరుగుతాదో, ఇదీ సముద్రంలో అలగే, రాతి మీద నాచు గీక్కుని తింటూ రోజంతా ఈదుతూనే ఉంటాది. కాబట్టి దానికి తిరిగే చోటు కావాలి, నీళ్ళలో ఊపిరి కావాలి, నోటికి ఎప్పుడూ ఆకు అందాలి. దీనికి తోడు తెల్లచుక్క జబ్బు ట్యాంకులోకి వస్తే అన్నిటికన్నా ముందు పట్టేది దీన్నే.

వరుస ఇది: ట్యాంకు, నీళ్ళు, సైకిల్ (అమ్మోనియాని తినే బాక్టీరియాని ట్యాంకులో పట్టించడం), క్వారంటైన్ టబ్బు (కొత్త చేపని విడిగా ఉంచి మందు వేసే చోటు), అన్నిటికన్నా ఆఖర్న చేప. నేను చూసిన చావుల్లో ఎక్కువ ఈ వరుస తిరగబడినందుకు జరిగినవే, షాపులో చేప నచ్చి ముందు అది తెచ్చీసి తర్వాత మిగతావి వెతుక్కున్నవాళ్ళవి.

1. ఏ ట్యాంగ్, ఎంత ట్యాంకు

లీటర్ల లెక్క కన్నా పొడవు ముఖ్యం. ఎత్తుగా ఉన్న 3 అడుగుల ట్యాంకులో 300 లీటర్లు పట్టినా అందులో ట్యాంగ్ పనికిరాదు, నాలుగు తోకలు ఆడించేసరికి అద్దం తగుల్తాది.

మొదటిసారి పెంచేవాళ్ళకి నేను చెప్పేది రెండే రకాలు, కోల్ ట్యాంగ్ గాని టోమినీ ట్యాంగ్ గాని. రెండూ 6, 7 అంగుళాల దగ్గర ఆగిపోతాయి, బ్రష్ లాంటి పళ్ళతో అద్దం మీద, రాతి మీద సన్న పాచిని గీకుతాయి, మిగతావాటి కన్నా కొంచెం ఓర్పు ఎక్కువ. 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు ట్యాంకు, అంటే సుమారు 450 లీటర్లు, వీటికి సరిపోతాది.

ఎల్లో ట్యాంగ్ 8 అంగుళాల దాకా వస్తాది, దానికి 4 అడుగులు అంటే అంచున ఉన్నట్టు, 5 ఉంటే హాయి. ఇది ఎక్కువగా హవాయి నుంచి వచ్చేది, 2021లో అక్కడ పట్టడం ఆగిపోయాక రేటు బాగా పెరిగింది. హేచరీలో పుట్టినవి దొరికితే రేటు ఎక్కువైనా అవే తీసుకోండి, పెల్లెట్ (గుళికల మేత) తినడం వాటికి ముందే అలవాటు.

పిల్లలు సినిమాలో చూసి అడిగే ఆ నీలం చేప, అదే బ్లూ ట్యాంగ్, షాపులో రూపాయి బిళ్ళంత ఉంటాది గాని పెరిగితే అడుగు. పౌడర్ బ్లూ మన హిందూ మహాసముద్రం చేపే, చూడ్డానికి దాన్ని మించింది లేదు, కానీ తెల్లచుక్క దానికి పట్టినంత త్వరగా ఇంకోదానికి పట్టదు, కోపమూ ఎక్కువే. సెయిల్‌ఫిన్ 15 అంగుళాల దాకా వస్తాది. ఈ మూడింటికీ 6 అడుగుల ట్యాంకు లేకపోతే వద్దు. "పెద్దయ్యాక పెద్ద ట్యాంకు కొంటాను" అన్నవాళ్ళలో కొన్నవాళ్ళని నేను ఒకళ్ళిద్దరినే చూసాను. అకిలీస్, క్లౌన్ ట్యాంగ్ జోలికి అసలు వెళ్ళకండి, ఏళ్ళ తరబడి పెంచినవాళ్ళకే అవి కష్టం.

2. నీళ్ళు: సముద్రం పక్కనే ఉంది కదా అని

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, "కళింగపట్నం అరగంట దూరం, క్యాన్లతో తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు మిగుల్తాది కదా?"

మిగుల్తాది, కానీ కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాది. ఏటి నీరు కలిసిన చోట ఉప్పు తక్కువ, వానాకాలంలో బురద, పొలాల మందులు, ఊళ్ళ మురుగు అన్నీ ఆ నీటితోనే వస్తాయి. వానలు తగ్గాక కూడా మన తీరంలో పైనీటి ఉప్పదనం కొన్ని నెలలు తక్కువగానే ఉంటాది, ఎందుకంటే ఉత్తరాన పెద్ద నదులన్నీ బంగాళాఖాతంలోకి దింపిన మంచినీరు తీరం వెంబడి కిందకి దిగుతాది. బరువ, చింతపల్లి, భీమిలి ఎక్కడ ఒడ్డున ముంచినా ఈ నెల ఒకలా, వచ్చే నెల ఒకలా ఉంటాది. ట్యాంగ్‌కి నిలకడ కావాలి. అందుకే నేను ఒడ్డు నీళ్ళు వాడను.

రెండో ప్రశ్న, నౌపడ మడుల ఉప్పు వాడొచ్చా అని. మడుల్లో ఉప్పు ఎలా పండుతాదో మన వాళ్ళకి తెలుసు, సముద్రం నీరు ఎండుతూ ఉంటే సున్నం, జిప్సం ముందే అడుగుకి దిగిపోతాయి, తర్వాత ఉప్పు గడ్డకడతాది, మెగ్నీషియం ఉన్న చేదు నీటిని ఆఖర్న బయటికి వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చేది కూరకి కావాల్సిన ఉప్పు, చేపకి కావాల్సిన మిగతావన్నీ మడిలోనే పోయాయి. కాబట్టి కల్లుప్పు గాని ప్యాకెట్ అయోడైజ్డ్ ఉప్పు గాని పోసీకండి. మెరైన్ సాల్ట్ మిక్స్ అని అమ్మేదే కొనాలి.

ఉప్పు కలిపే నీళ్ళు ఆర్ఓ నీళ్ళు అయ్యుండాలి, దాని వెనక డీఐ రెసిన్ క్యాట్రిడ్జ్ (ఆర్ఓలో మిగిలిన లవణాల్ని లాగేది) తగిలిస్తే ఇంకా మంచిది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏటంటే, ఇంట్లో తాగే ఆర్ఓ మిషన్లలో రుచి కోసం మినరల్ క్యాట్రిడ్జ్, టీడీఎస్ అడ్జస్టర్, ఈమధ్య కాపర్ క్యాట్రిడ్జ్ కూడా పెడతన్నారు. ఆ కాపర్ ట్యాంకులోకి వెళ్తే రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. మెకానిక్‌ని పిలిచి మెంబ్రేన్ తర్వాత నేరుగా ఒక పైపు తీయించుకోండి.

కలపడం:
- 100 లీటర్ల ఆర్ఓ నీటికి సుమారు మూడున్నర నుంచి మూడుం ముప్పావు కిలోల సాల్ట్ మిక్స్.
- డ్రమ్ములో చిన్న పంపు వేసి ఒక రాత్రంతా తిప్పాలి. చేప ఉన్న ట్యాంకులో ఉప్పు నేరుగా వేయకూడదు.
- రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పదనం కొలిచే మీటరు) సాంద్రత 1.025 ఉందో చూసుకోవాలి. ఆ మీటర్‌ని 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళ ఉప్పు) క్యాలిబ్రేషన్ ద్రవంతో సరిచూడాలి, ఉత్త నీళ్ళతో సున్నా చూపించినంత మాత్రాన పైన సరిగ్గా చూపిస్తాదని నమ్మకం లేదు.

ట్యాంకులో ఉండాల్సిన అంకెలు: ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం లోపు.

3. రాళ్ళు, ప్రవాహం, సైకిల్

ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు ఏరుకొచ్చి పెట్టకండి. సముద్రంలో పెరిగిన పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. "ఒరిజినల్ లైవ్ రాక్" అని ఎవరైనా సముద్రపు రాయి తక్కువకి ఇస్తానన్నా వద్దు. తయారుచేసిన సిరామిక్ రాళ్ళు వాడండి, నెలలు గడిచేసరికి అవీ ఊదారంగు తిరిగి బాగుంటాయి.

రాళ్ళని వెనక అద్దం మీదకి గోడలా పేర్చీకండి. రెండు గుట్టలుగా పెట్టి మధ్యలో, ముందు, వెనక దారి వదలండి, ట్యాంగ్ గుట్ట చుట్టూ తిరగాలి. రాత్రి దూరి పడుకోడానికి రెండు మూడు సందులు ఉండాలి, బ్లూ ట్యాంగ్ అయితే సందులో ఇరుక్కుని పక్కకి ఒరిగి పడుకుంటాది, చూసి చచ్చిపోయిందని కంగారు పడకండి.

ప్రవాహం గట్టిగా ఉండాలి. వేవ్ మేకర్లన్నీ (ట్యాంకులో నీటిని తోసే పంపులు) కలిపి గంటకి ట్యాంకు నీటికి 20 రెట్లు అయినా తిప్పాలి, ఒకటి తప్పకుండా పైనీటిని కదిలించేలా పైకి తిప్పి పెట్టండి. ఎక్కువ తిని ఎక్కువ విసర్జించే చేప కాబట్టి ప్రోటీన్ స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి తీసేది) మీద పిసినారితనం వద్దు, డబ్బా మీద రాసిన లీటర్లలో సగం ట్యాంకుకే అది సరిపోతాదని లెక్కేసుకోండి.

సైకిల్‌కి 4 నుంచి 6 వారాలు. సీసా అమ్మోనియా 2 పీపీఎం వేస్తే ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. వచ్చాక కూడా ముందు చిన్న చేపలు వేసి రెండు మూడు నెలలు నడిపి, రాతి మీద కాస్త పచ్చ పాచి పట్టాకే ట్యాంగ్ సంగతి.

4. షాపులో చేపని చూడటం

అడిగిన వెంటనే బ్యాగులో కట్టించీకండి. ఆ చేప షాపులో కనీసం వారం పది రోజులు ఉండి ఉండాలి. మీ ముందు మేత వేయమనండి.

- తింటందా, లేదా. తినని చేప ఎంత అందంగా ఉన్నా, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.
- కడుపు లోపలికి నొక్కుకుపోయుందా, వీపు పైన కండ తగ్గి కత్తి అంచులా ఉందా. అలాంటిది కోలుకోడం కష్టం.
- మొప్పలు ఆయాసంగా కొట్టుకుంటన్నాయా, ఒక్క పక్క మొప్పే ఆడతందా.
- రాతికి ఒళ్ళు రుద్దుకుంటందా.
- కళ్ళ మీద తెల్ల పొర, రెక్కల మీద చుక్క ఏదైనా ఉందా.
- అదే నీరు తిరిగే ట్యాంకుల్లో ఉన్న మిగతా చేపలు ఎలా ఉన్నాయి.

షాపువాళ్ళ నీటి సెలినిటీ (ఉప్పదనం) ఎంతో అడిగి రాసుకోండి, తర్వాతి పనికి ఆ అంకె కావాలి.

5. బ్యాగు విప్పే రోజు

మన వైపు చేపలు ఎక్కువగా విశాఖ షాపుల నుంచి గాని చెన్నై కొళత్తూరు నుంచి రాత్రి బండికి పార్సిల్‌గా గాని వస్తాయి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దించుకుని ఇంటికి చేరేసరికి ఆ చేప చాలా గంటలు సంచిలోనే ఉంటాది.

ఇక్కడ చాలామంది మంచి చేద్దామని చెడు చేస్తారు. బ్యాగు విప్పి బకెట్లో పోసి, సన్న పైపుతో చుక్క చుక్కగా రెండు గంటలు ట్యాంకు నీళ్ళు కలుపుతారు. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు గాలి వల్ల పీహెచ్ తగ్గి ఉంటాది, అందువల్ల అందులో చేరిన అమ్మోనియా అంతగా కాటెయ్యదు. మూతి విప్పగానే ఆ గాలి పోతాది, పీహెచ్ పైకి లేస్తాది, అదే అమ్మోనియా విషం అవుతాది. రెండు గంటలు చేపని ఆ విషంలో ఉంచినట్టు.

నేను చేసేది ఇలగ. షాపువాళ్ళు చెప్పిన సెలినిటీకి క్వారంటైన్ నీళ్ళు ముందు రోజే సరిచేసి ఉంచుతాను. బ్యాగు విప్పకుండా 15, 20 నిమిషాలు నీటిపై తేలేస్తాను. లైట్లు ఆపీసి బ్యాగు కోసి, ఒకసారి సెలినిటీ కొలిచి, తేడా లేకపోతే చేపని వెంటనే మార్చేస్తాను. బ్యాగు నీళ్ళు సింకులోకే, ట్యాంకులోకి చుక్క కూడా పోకూడదు. తర్వాత 1.025కి రోజుకి కొంచెం చొప్పున పెంచుకోవచ్చు.

వలతో పట్టకండి. ట్యాంగ్ తోక మొదట్లో రెండు పక్కలా కత్తి లాంటి ముల్లు ఉంటాది, వలకి తగులుకుని విదిలించుకుంటే చేపకే గాయం, మీ వేలికి తగిలితే లోతుగా తెగుతాది. ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలి ఎత్తండి.

6. క్వారంటైన్: ఈ భాగం వదిలీకండి

మిగతా అన్నిట్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇందులో కుదరదు.

ఎందుకో చెప్తాను. తెల్లచుక్క అంటే క్రిప్టోకారియాన్ అనే ఒకే కణం ఉన్న పురుగు. అది చేప ఒంట్లో 3 నుంచి 7 రోజులు ఉంటాది, తిని బలిసి రాలిపోతాది, ఇసుకలోనో రాతి మీదో గుడ్డులా గట్టి కవచం కట్టుకుంటాది, కొన్నాళ్ళకి అది పగిలి వందల పిల్లలు నీళ్ళలో ఈదుతూ మళ్ళీ చేపని వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ఆ ఈదే దశలో మాత్రమే. చేప ఒంట్లో ఉన్నదాన్ని గాని కవచంలో ఉన్నదాన్ని గాని ఏ మందూ ఏమీ చేయలేదు. అందుకే "చుక్కలు వాటంతటవే పోయాయన్నా, తగ్గిపోయింది" అన్నవాళ్ళు రెండు వారాల తర్వాత ఏడుస్తూ ఫోన్ చేస్తారు. పోలేదు, రాలాయి, ఇసుకలో ఉన్నాయి.

కావాల్సిన సామాను:
- రెండున్నర అడుగుల మామూలు ట్యాంకు, 100 లీటర్లు పైన. ఇసుక వద్దు, రాయి వద్దు, అవి కాపర్‌ని (తెల్లచుక్కకి వేసే రాగి మందు) పీల్చేస్తాయి.
- స్పాంజ్ ఫిల్టర్. దాన్ని నెల ముందు నుంచే పెద్ద ట్యాంకు సంప్‌లో (ఫిల్టర్ సామాను ఉండే కింది తొట్టి) ఉంచి బాక్టీరియా పట్టించాలి.
- దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు, కొత్తవి, బాగా కడిగినవి.
- హీటరు, గాలి పంపు, పైన మూత. ట్యాంగ్ ఎగిరి దూకుతాది.
- అమ్మోనియా టెస్టు కిట్, మీరు వాడే కాపర్ రకాన్ని కొలిచే టెస్టు.

మొదటి రెండు మూడు రోజులు మందు వేయకండి. ముందు తినాలి. తినడం మొదలెట్టాక కాపర్. చీలేటెడ్ కాపర్, అయానిక్ కాపర్ అని రెండు రకాలు ఉంటాయి, రెండిటికీ మోతాదు వేరు, ఒకదాని అంకె ఇంకోదానికి వాడితే చేప చస్తాది. చీలేటెడ్ రకాల్లో ఎక్కువగా వాడేది 2.5 పీపీఎం దగ్గర నిలబెట్టాలి, అయానిక్ అయితే 0.5 పీపీఎం. మీ సీసా మీద ఏముందో అదే పాటించండి. ఒకేసారి పోయకుండా 3, 4 రోజుల్లో మెల్లగా ఆ అంకెకి తేవాలి, అక్కడికి చేరిన రోజు నుంచి 30 రోజులు తగ్గకుండా ఉంచాలి. మధ్యలో ఒక్క రోజు కిందకి పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

నీళ్ళు మార్చినప్పుడు కొత్త నీళ్ళలో కూడా అదే మోతాదు కాపర్ ముందే కలపాలి, మర్చిపోయేది ఇదే. కార్బన్ (నీటిని వడగట్టే బొగ్గు), స్కిమ్మర్ పెట్టకూడదు. అమ్మోనియా పెరిగితే అమ్మోనియా తగ్గించే సీసా మందులు కాపర్‌తో కలిపి వాడకండి, ప్రమాదం, నీళ్ళు మార్చడమే దారి. కాపర్‌లో ఆకలి కొంచెం తగ్గుతాది, నోరి (ఎండు సముద్రపు నాచు షీటు) మీద గార్లిక్ చుక్క వేసి ఊరించాలి. పూర్తిగా తిండి మానేసి ఆయాసపడతంటే కాపర్ లెవెల్ కొలిచి, ఎక్కువుంటే నీళ్ళు మార్చి దించండి.

కాపర్ అయ్యాక జలగల లాంటి ఫ్లూక్స్ కోసం ప్రాజిక్వాంటెల్, ఒక డోసు, వారం తర్వాత ఇంకో డోసు. ఆ తర్వాత రెండు వారాలు ఏ మందూ లేకుండా చూసి అప్పుడు పెద్ద ట్యాంకు. మొత్తం దాదాపు రెండు నెలలు పడతాది. అవును, పడతాది.

క్వారంటైన్ బకెట్, పైపు, డబ్బా ఏదీ పెద్ద ట్యాంకుకి వాడకండి. తడి చేత్తో అందులోంచి ఇందులోకి పెట్టకండి.

7. పెద్ద ట్యాంకులో జబ్బు అప్పటికే వచ్చేస్తే

పగడాలు, రొయ్యలు ఉన్న ట్యాంకులో కాపర్ పోసీకండి, అన్నీ పోతాయి, రాళ్ళు కాపర్ పీల్చి మళ్ళీ నెలల తరబడి వదుల్తాయి. చేపలన్నిటినీ, ఒక్కటి కూడా మిగల్చకుండా, క్వారంటైన్‌కి తీయాలి. పెద్ద ట్యాంకు 76 రోజులు చేప లేకుండా నడవాలి, తిండి దొరక్క పురుగు వంశం ఆగిపోతాది. రెండున్నర నెలలు ఖాళీ ట్యాంకు చూడటం బాధే, ఇంటికొచ్చినవాళ్ళు "చేపలేవి" అని అడుగుతారు, అయినా రోజులు తగ్గించకండి.

ఏ జబ్బో గుర్తుపట్టడం:

ఉప్పు చల్లినట్టు విడివిడి చుక్కలు ఉండి చేప ఇంకా తింటంటే తెల్లచుక్క, మీకు కొన్ని రోజుల టైముంది. పసుపు దుమ్ము పూసినట్టు సన్నగా, మొప్పలు వేగంగా, లైటు చూసి దాక్కోడం, వేవ్ మేకర్ ధారలోకి వెళ్ళి నిలబడటం, ఇవి కనబడితే వెల్వెట్, అది ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాది, ఆ పూటే తీసి మందు మొదలెట్టాలి. చుక్కల కోసం ఎదురు చూడకండి, వెల్వెట్లో చాలాసార్లు చుక్కలు కనబడకుండానే చేప పోతాది.

ఎల్లో ట్యాంగ్ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే బ్లాక్ ఇక్, అదొక చిన్న పురుగు, దీనికి మంచినీటి స్నానం. అదే ఉష్ణోగ్రతలో ఆర్ఓ నీళ్ళు, చిటికెడు వంట సోడాతో పీహెచ్ ట్యాంకుకి సరిచేసి, గాలి పెట్టి, 4, 5 నిమిషాలు, మీరు పక్కనే నిలబడి చూస్తూ. తర్వాత ప్రాజిక్వాంటెల్.

తల మీద, పక్క గీత వెంబడి తోలు ఊడి గుంటలు పడుతున్నట్టుంటే అది పురుగు కాదు. తిండిలో లోపం, ఒత్తిడి, కార్బన్ పొడి. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో లిగ్నైట్ కార్బన్ వాడిన ట్యాంకుల్లో సర్జన్ చేపలకి (ట్యాంగుల కుటుంబమే) ఈ జబ్బు బాగా వచ్చింది. కార్బన్ ఆపండి, లేదా బాగా కడిగి గట్టి గుళికల రకం వాడండి, నోరి, విటమిన్లు పెంచండి. మొదట్లోనే చూస్తే మానుతాది, మచ్చ మాత్రం మిగలొచ్చు.

8. మేత

రోజుకి ఒకసారి చిటికెడు పెల్లెట్ వేస్తే ట్యాంగ్ మెల్లమెల్లగా ఎండిపోతాది, మూడు నాలుగు నెలలకి గాని తెలీదు, తెలిసేసరికి ఆలస్యం. కోడిగుడ్డు పక్క నుంచి చూస్తే ఎలా ఉబ్బుగా ఉంటాదో కడుపు అలగ ఉండాలి.

- పొద్దున్న: నోరి షీటు, చేప సైజుని బట్టి అగ్గిపెట్టె అంత ముక్క, క్లిప్పుకి పెట్టి అద్దానికి అతికించాలి. సాయంత్రానికి మిగిలితే తీసేయాలి, అయిపోతే ఇంకో ముక్క.
- మధ్యాహ్నం గాని సాయంత్రం గాని: స్పిరులినా ఉన్న పెల్లెట్.
- వారానికి మూడు నాలుగుసార్లు: ఫ్రోజెన్ మైసిస్ (సన్న రొయ్యల్లాంటివి), కరిగించి, విటమిన్ చుక్కలు కలిపి.

నోరి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. పిల్లలు తినే స్నాక్ నోరిలో నూనె, ఉప్పు, కారం ఉంటాయి, పనికిరాదు. నాచు తప్ప ఇంకేమీ లేని సుషీ నోరి కావాలి. విశాఖ పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్లో దొరుకుతాది, 50 షీట్ల కట్ట కొని గాలి పోకుండా పెట్టుకుంటే ఒక చేపకి నెలల తరబడి వస్తాది.

"పాలకూర ఉడకబెట్టి వేయొచ్చా, తోటకూర?" నోరి అయిపోయిన రోజున ఒకపూట వేస్తే చావదు గాని రోజూ అదే పెడితే సముద్రపు నాచులో ఉండే అయోడిన్, కొవ్వులు దానికి అందవు. భీమిలి రాళ్ళ మీద పచ్చగా పెరిగే నాచు కోసుకొచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, పక్కన ఏ కాలువ కలుస్తందో తెలీకుండా నేనైతే వేయను.

కొత్త చేప నోరి క్లిప్పు చూసి భయపడితే ఆ ముక్కని రబ్బరు బ్యాండుతో ఒక చిన్న రాయికి చుట్టి అడుగున పెట్టండి. రాతి మీద మేయడమే దానికి తెలుసు, ఒకరోజు అటు ఇటు చూసి మూడో రోజుకి మొదలెడతాది.

9. పెద్ద ట్యాంకులో వదలడం, కొట్లాటలు

ట్యాంగ్ అన్ని చేపల కన్నా ఆఖర్న రావాలి. ముందొస్తే ట్యాంకంతా తనదే అనుకుంటాది, తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ తోక కత్తితో కొడతాది. ఒకే ఆకారం ఉన్నవాటిని కలపకండి, ఎల్లో పక్కన సెయిల్‌ఫిన్ వేస్తే కొట్లాట దాదాపు ఖాయం. 4 అడుగుల్లో ఒక్కటే ట్యాంగ్, ఇందులో బేరం లేదు.

చిల్లులున్న పారదర్శక డబ్బాలో పెట్టి 4, 5 రోజులు ట్యాంకులోనే వేలాడదీయండి, పాతవి చూసి చూసి వదిలేస్తాయి. అయినా తరుముతంటే పాత చేప వైపు అద్దం బయట ముఖం చూసుకునే అద్దం ఒకటి ఆనించండి, అది తన నీడతో పోట్లాడుకుంటా ఉంటే కొత్తది తిండి తింటాది. వారం దాటినా రెక్కలు చిరుగుతంటే విడదీయాల్సిందే.

10. మే నెల ఎండ, అక్టోబర్ తుఫాను

మన దగ్గర ట్యాంగులు గుంపుగా చచ్చేది ఈ రెండు కాలాల్లోనే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతాది, ట్యాంగ్‌కి ఊపిరి ఎక్కువ కావాలి.

ఎండాకాలం: నీటి మీదకి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాది, కానీ తీరం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఉక్కపోత రోజుల్లో అంత తగ్గదు. ట్యాంకు 29 దాటుతంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే మిషను) తప్పదు. లైట్లు సాయంత్రం 5 నుంచి రాత్రి 11కి మార్చుకోండి. ఫ్యాను వల్ల ఆవిరైన నీటికి బదులు ఉత్త ఆర్ఓ నీళ్ళే పోయాలి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటాది. ఉప్పునీళ్ళు పోసుకుంటూ పోతే రెండు వారాల్లో సెలినిటీ ఎక్కడికో పోతాది.

తుఫాను: 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజు మా ఇంట్లో కరెంటు పోయింది, ఇన్వర్టర్ సాయంత్రానికే చచ్చిపోయింది, ఎందుకంటే ఫ్యాన్లు, లైట్లు, రిటర్న్ పంపు అన్నీ దాని మీదే ఉంచాను. రాత్రంతా నేనూ మా ఆవిడా వంతులేసుకుని చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోసాం. కోల్ ట్యాంగ్ బతికింది. నాలుగేళ్ళ ఎల్లో ట్యాంగ్ తెల్లారుజామున పోయింది. ఆ చేప ఇప్పటికీ గుర్తొస్తాది.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి:
- తుఫాను హెచ్చరిక రాగానే రెండు డ్రమ్ముల ఆర్ఓ నీళ్ళు పట్టి, ఒకదాంట్లో ఉప్పు కలిపి ఉంచుతాను. కరెంటు లేకపోతే ఆర్ఓ కూడా లేదు.
- ముందు రోజు నుంచే మేత సగం, కరెంటు పోయాక అసలు లేదు. తిన్న చేపకి ఊపిరి ఎక్కువ కావాలి, నీరూ పాడవుతాది.
- ఇన్వర్టర్ మీద ఒక్క వేవ్ మేకరే, పైనీటి వైపు తిప్పి. 150 ఏహెచ్ బ్యాటరీ 12 వోల్టులతో 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను 1200 అనుకోండి. 15 వాట్ల వేవ్ మేకర్ ఒక్కటే ఉంటే మూడు రోజులు దాటుతాది. అదే ఇల్లంతా లాగితే సాయంత్రం దాకే.
- బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు, సెల్లులు విడిగా.
- క్యానిస్టర్ ఫిల్టర్ (మూసిన డబ్బా ఫిల్టర్) ఉన్నవాళ్ళు కరెంటు వచ్చాక వెంటనే ఆన్ చేయకండి. కదలకుండా ఉన్న ఆ నీళ్ళలో బాక్టీరియా చచ్చి కుళ్ళి ఉంటాది, పారబోసి కడిగాకే పెట్టాలి.

11. రోజూ, వారం వారం

రోజూ పొద్దున్న మేత పెట్టేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడండి: వచ్చిందా, తిందా, మొప్పలు ఎలా ఆడుతున్నాయి, కడుపు ఎలా ఉంది, ఒంటి మీద ఏమైనా ఉందా. థర్మామీటర్ చూడండి. ఆవిరైన నీరు నింపండి. తెల్లారగట్ట రంగు పాలిపోయి మచ్చలుగా కనబడటం మామూలే, రాత్రి నిద్ర రంగు అది, లైటు వేసిన అరగంటకి మామూలైపోతాది. అరగంట దాటినా పాలిపోయే ఉంటే అప్పుడు వెతకండి.

వారానికి ఒకసారి 10 నుంచి 15 శాతం నీళ్ళు మార్చడం, సెలినిటీ, నైట్రేట్ కొలవడం, స్కిమ్మర్ కప్పు కడగడం. ముందు అద్దం తప్ప మిగతా మూడు అద్దాల మీద పాచి గీకీకండి, అది కోల్ ట్యాంగ్‌కి పొద్దుటి మేత. నెలకి ఒకసారి రిఫ్రాక్టోమీటర్ సరిచూడటం, పంపులు వెనిగర్లో నానబెట్టి కడగడం.

ఒక నోటుబుక్కు పెట్టుకుని తారీఖు, ఉష్ణోగ్రత, సెలినిటీ, తిందా లేదా అని రాయండి. నాకు ఫోన్ చేసినప్పుడు నేను ముందు అడిగేది ఆ నోటుబుక్కులో గత పది రోజుల అంకెలే.